సిదొనీ వాళ్ళమ్మ

అబ్బాసియా, కువైట్
జనవరి నెలాఖరు

చెల్లీ మెర్సీ,

ఫోన్లో మాట్లాడినప్పుడల్లా మీ అత్తగారు పక్కనే కూర్చున్నారని నీ గొంతే చెప్పేస్తుంది. అందుకే ఈ కాగితం. ఏసమ్మ సెలవు మీద తాళ్ళరేవు వెళుతోంది. యానాం పక్కనే కదా, ఒక పూట వచ్చి నీ చేతికే ఇస్తానంది. గుర్తుందా ఏసమ్మ? బ్నీద్ అల్ గార్‌లో నేను సాయంత్రాలు ఒక కువైటీ అమ్మాయికి ఫ్రెంచి చెప్పడానికి వెళతానే, ఆ ఇంట్లో పనిచేస్తుంది.

క్రిస్మస్‌కి వచ్చినప్పుడు మీ వంటింట్లో రొయ్యలు వలుస్తూ నువ్వన్న మాట గురించి రాస్తున్నాను. "ఇద్దరు మగపిల్లలతోనే నా పని అయిపోయింది. ఈ కడుపులో ఉన్నది నీకేనక్కా, పెంచుకో" అన్నావు. నేను నవ్వేశాను. విమానం ఎక్కాక నవ్వలేదు. మొన్న ఫోన్లో మళ్ళీ అదే మాట అన్నావు కాబట్టి మీ బావకి చెప్పాను. ఆయన "నీకు నలభై నాలుగు, నాకు యాభై. పిల్లకి పెళ్ళీడు వచ్చేసరికి లెక్క వేసుకున్నావా?" అన్నారు. వేసుకోలేదని కాదు. వేసుకునే ఒప్పుకున్నాను. అవునో కాదో ఇంకోసారి గట్టిగా చెప్పు మెర్సీ. ఆశ పెట్టుకోవడం నాకు తెలియని పని, సరిగ్గా చేస్తున్నానో లేదో తెలియడం లేదు.

మన ఇంట్లో పెంచుకునేవాళ్ళే పేరు పెడతారు. నువ్వు కూడా "పేరు నీ ఇష్టం, నీ ఫ్రెంచి పేరేదైనా పెట్టుకో" అన్నావు. అప్పట్నుంచి నాకు వేరే పని లేదు. మగపిల్లాడైతే పేరు దొరుకుతుందిలే, నా దగ్గరున్నవన్నీ ఆడపిల్లవే.

లెయొకాదీ. గ్రీకులో తెలుపు అనే మాటకి చుట్టం అంటారు. అపొలీన్. ఈమె పళ్ళు రాలగొట్టారట, అందుకే పన్నునొప్పి వచ్చినవాళ్ళు ఈమెకి మొక్కుకుంటారు. క్లొతిల్ద్. ఒక రాణి, మొగుణ్ణి విశ్వాసంలోకి తెచ్చుకుంది. ఒకప్పుడు ఫ్రాన్సులో పిల్లలకి పునీతుల క్యాలెండర్లో ఉన్న పేర్లే పెట్టాలని చట్టం ఉండేది, అందుకే ప్రతి పేరు వెనకా ఎవరో ఒకరు దెబ్బలు తిన్నావిడ ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా ఈ భాష చెబుతున్నాను, ఆ దేశం చూడలేదు. ఈ పేర్లని నేను సరిగ్గా పలుకుతున్నానో లేదో చెప్పేవాళ్ళు కూడా ఇక్కడ లేరు.

ఏది బాగుందో రాయి.

నీ అక్క,
సిల్వియా

&nbsp;

యానాం
ఫిబ్రవరి

అక్కా,

ఉత్తరం అందింది. ఏసమ్మ గారు ఖర్జూరం డబ్బా కూడా ఇచ్చారు, పెద్దాడు సగం ఖాళీ చేశాడు. ఇస్తానన్నాను కదా, ఇస్తాను. ఎన్నిసార్లు అడుగుతావు? ఆయన కూడా "మీ అక్క కదా, పరాయివాళ్ళా" అన్నారు. నీ దగ్గరైతే చదువుకుంటుంది.

నీ పేర్లు రాత్రి భోజనాల దగ్గర చదివాను. మా అత్తయ్యగారు "లెయొకాదీయా? అదేం పేరే, మందుసీసా మీద చదువుతున్నావా? అయినా మనకి పునీతులేంటి, మనమేమన్నా కొవ్వొత్తులు ఎలిగించే వాళ్ళమా" అన్నారు. అపొలీన్ అంటే చిన్నాడు "ఆస్పత్రా?" అన్నాడు. క్లొతిల్ద్ అనడానికి మా ఆయన జాన్ పాల్ గారు మూడుసార్లు ప్రయత్నించి, "నేను బడికి దింపడానికి వెళ్ళి గేటు దగ్గర పిలవలేక పిల్లని అక్కడే వదిలేసి వచ్చేస్తాను" అన్నారు. ఏ బడికి దింపుతారు ఈయన? అది కువైట్‌లో కదా చదివేది. నవ్వుతూనే ఉన్నాం గానీ ఆ మాట తర్వాత అన్నం సరిగ్గా దిగలేదు నాకు.

నువ్వు అన్ని దూరాల నుంచి పేర్లు తెస్తున్నావు గానీ మన యానాంలోనే ఉన్నాయక్కా. డాక్టరమ్మ నడవమంది కదా, సాయంత్రాలు పాత ఫ్రెంచి సమాధుల వైపు నడుస్తున్నాను. ఒర్తాన్స్, యుజెనీ, సెలెస్తీన్. రాతి మీద అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ఒకామె పాతికేళ్ళకే పోయింది, పక్కనే చిన్న రాయి ఉంది, దాని మీద పేరే లేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాను. ఇంకెప్పుడూ ఆ వైపు వెళ్ళనులే.

సమాధి మీద లేని పేరు చూడు. బతికున్న పేరు.

ఇంకో మాట. నువ్వు బడికి పోతే పగలంతా పాపాయిని ఎవరు చూస్తారు? మీ ఫ్లాట్లో రెండో గదిలో ఉండే వాళ్ళు ఎలాంటివాళ్ళు? బావగారు అమ్ఘరా పాత ఇనుము యార్డు నుంచి ఆ దుమ్ముతో వచ్చి స్నానం చెయ్యకుండా ఎత్తుకుంటారేమో, ముందే చెప్పు. అడిగానని ఏమీ అనుకోకు. పాపాయి అంటున్నాను చూశావా, నీ వల్ల నాకూ ఆడపిల్లే అనిపిస్తోంది.

ఉంటాను, పాలు పొంగుతున్నాయి,
మెర్సీ

&nbsp;

అబ్బాసియా
మార్చి

మెర్సీ,

ఏసమ్మ తిరిగొచ్చింది, నీ ఉత్తరం తెచ్చింది. ఈ నా ఉత్తరం కాకినాడ వెళ్ళే ఒక నర్సమ్మ చేతిలో పెడుతున్నాను. నీ ప్రశ్నలకి జవాబులు: రెండో గదిలో జగిత్యాల నుంచి వచ్చిన ఉమారాణి, ఆమె భర్త ఉంటారు. ఆమె ఇంట్లోనే ఉంటుంది, పగలు చూస్తానంది. మీ బావ స్నానం చేయకుండా నా కంచం కూడా ముట్టుకోరు.

పేరు దొరికింది. సిదొనీ.

సిదొనీ అంటే సీదోను ఊరి ఆడమనిషి. మనం చిన్నప్పట్నుంచీ ఆదివారం బడిలో విన్న తూరు, సీదోను ఉన్నాయే, ఆ సీదోనే. ఇప్పుడది లెబనాన్‌లో ఉంది, సైదా అంటారు. మా బడిలో అరబ్బీ చెప్పే ఆవిడది ఆ ఊరే. ఇంకొందరేమో ప్రభువు దేహానికి చుట్టిన నారబట్ట పేరు నుంచి వచ్చిందంటారు. ఏది నిజమో తేలలేదు. తేలకపోవడమే నాకు నచ్చింది. సముద్రం పక్క ఊరో, పసిబిడ్డని చుట్టుకునే బట్టో, ఏదైనా బాగానే ఉంది.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. కోప్పడకు.

ఇక్కడ ఆడవాళ్ళని సొంత పేరుతో పిలవరని నీకు చెప్పాను కదా. మనం ఫలానా వాళ్ళమ్మ అన్నట్టే, వీళ్ళు ఉమ్ ఫలానా అంటారు. మనలో అది ఇరుగుపొరుగు మాట, వీళ్ళలో అదే మర్యాద. ఏసమ్మ "మామా" అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు ఉమ్ ఫవాజ్, పెద్దకొడుకు పేరు ఫవాజ్ కాబట్టి. మొన్న పాఠం అయ్యాక టీ ఇచ్చి, "టీచర్ టీచర్ అని ఎన్నాళ్ళు పిలవను? నువ్వు ఉమ్ ఎవరు?" అంది.

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో. "ఎవరూ లేరు" అంటాను, వాళ్ళు "ఇన్షా అల్లా" అంటారు, టీ చల్లారిపోతుంది. ఆ రోజు నా నోట్లోంచి "ఉమ్ సిదొనీ" అని వచ్చింది.

"మాషా అల్లా. ఎక్కడుంది?"

"ఊళ్ళో."

అబద్ధం కాదు కదా మెర్సీ. ఊళ్ళోనే ఉంది, నీ కడుపులో. ఇక్కడ మనవాళ్ళందరి పిల్లలూ ఊళ్ళోనే ఉంటారు కాబట్టి ఆవిడకి వింతగా ఏమీ అనిపించలేదు. ట్రే పట్టుకుని నిలబడ్డ ఏసమ్మ మాత్రం నన్ను చూసిన చూపు! లిఫ్టు దాకా వచ్చి, "ఎందుకమ్మా అలగన్నారు? రేపు మామా పోటో సూపించమంటాది, అప్పుడేటి సేత్తారు?" అంది.

ఇప్పుడు ఆ ఇంట్లో అందరూ అలాగే పిలుస్తున్నారు. డ్రైవర్ రసూల్ కూడా. తలుపు తీసి "రండి ఉమ్ సిదొనీ" అంటే నా వెనక ఎవరో చిన్నది నడుస్తున్నట్టు ఉంటుంది. తప్పు చేశానా? ఇంటికొచ్చి మీ బావకి చెబితే ఆయన తిట్టలేదు. మర్నాడు అమ్ఘరా నుంచి పాత ఉయ్యాల మంచం ఒకటి తెచ్చి, బాల్కనీలో పెట్టి, తుప్పు గీకుతూ కూర్చున్నారు. బయట దుమ్ముగాలి. మంచానికి వేసిన తెల్లరంగంతా ఇసక అంటుకుని గరుగ్గా తయారైంది. మళ్ళీ గీకుతానంటున్నారు.

ఆ పేరు నువ్వొకసారి గట్టిగా అని చూడు. నచ్చిందో లేదో రాయి.

సిల్వియా

&nbsp;

యానాం
ఏప్రిల్

అక్కకి,

సిదొనీ అని అని చూశాను. లోపల్నుంచి తన్నింది. నచ్చి తన్నిందో నచ్చక తన్నిందో తెలియదు.

అత్తయ్యగారు పాస్టరు గారిని అడిగారు. ఆయన "సీదోను శాపం తగిలిన ఊరమ్మా, విగ్రహాలు పూజించిన ఊరు. దేవుడిచ్చిన బిడ్డకి ఆ పేరా?" అన్నారట. ఇంట్లో రెండ్రోజులుగా ఇదే గొడవ. జాన్ పాల్ గారు "మీ అక్క అంత చదివి ఈ పేరు తెచ్చిందా" అన్నారు. నువ్వు నాకిది ముందే ఎందుకు చెప్పలేదు?

రెండో సంగతి. నువ్వు ఏం చేశావో నాకు అర్థమైంది, కోపం రాలేదు అని రాద్దామనుకున్నాను. కానీ వచ్చింది. ఇక్కడ నేను కాళ్ళు వాచి, చెప్పులు పట్టక, జాన్ పాల్ గారి చెప్పులేసుకుని తిరుగుతున్నాను. నిమ్మకాయ వాసన తప్ప ఏదీ సహించడం లేదు. నువ్వు అక్కడ టీ తాగుతూ అమ్మవైపోయావా? పుట్టకముందే ఊరంతా దాని పేరుతో నిన్ను పిలుస్తుంటే, ఇక్కడ మోస్తున్న నన్నేమని పిలవాలి?

మంచం తుప్పుపట్టింది వద్దు. పసిపిల్లలకి మంచిది కాదు.

మెర్సీ

&nbsp;

అబ్బాసియా
మే మొదట్లో

చెల్లీ,

నీ ఉత్తరం సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను. బడిలో క్రియాపదాలు చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను. పిల్లలు "మిస్, తర్వాత?" అంటే తర్వాత ఏమిటో నాకు గుర్తుండటం లేదు.

పాస్టరు గారితో వాదించను. కానీ ఆయనే ఎన్నోసార్లు ప్రసంగం చెప్పిన ఇంకో ఆవిడ ఉంది కదా. కూతురికి బాగాలేదని సీదోను వైపు నుంచి వచ్చి, అందరూ విసుక్కుంటున్నా ప్రభువు వెంటపడి అడిగినావిడ. ఆవిడ పేరు ఎక్కడా లేదు చూడు. ఫలానా వైపు ఆడమనిషి, ఒక పిల్ల తల్లి, అంతే. ఆ రెండింటితోనే రెండు వేల ఏళ్ళు నిలబడింది. నేను శాపం చూడలేదు మెర్సీ, ఆవిడనే చూశాను. ఇదీ నేను తర్వాత వెతుక్కున్న సాకేమో. నాకు ముందు నచ్చింది చప్పుడే, అర్థం తర్వాత కట్టుకున్నాను.

ఈ పేర్లంటే ఎందుకింత పిచ్చి అని నన్ను నేనే అడుగుతున్నాను. ఇవి అక్కడ నాయనమ్మల పేర్లు. చాలాకాలం ఎవరూ పెట్టుకోక మూలపడ్డాయి, ఇప్పుడు మళ్ళీ తీసి పెట్టుకుంటున్నారట. మన పేర్లలో ఎవరో ఒకరు ముందే ఉంటారు. ఏ పేరు అనుకున్నా ఒక అత్తో, చనిపోయిన పిన్నో, బాకీ పెట్టిన పక్కింటామో గుర్తొస్తుంది. సిదొనీ అంటే నాకు ఎవరూ గుర్తురారు. ఖాళీ ఇల్లు. అందులోకి దాన్ని ఒక్కదాన్నే తీసుకెళ్ళవచ్చు అనుకున్నాను. ఇప్పుడు నీ ఉత్తరం చదివాక, ఎవరూ గుర్తురాని పేరు వెతికింది నువ్వు గుర్తురాకూడదనేనా అని అనుమానం వస్తోంది. అలా అనుకుని చేయలేదు. కానీ చేయలేదని గట్టిగా చెప్పలేను.

వేరే పేర్లు కావాలంటే ఉన్నాయి. బతిల్ద్, బానిసగా అమ్ముడుపోయి రాణి అయినావిడ. దెజిరే, కావాలని కోరుకున్న బిడ్డ. ఇది మరీ తెరిచి చెప్పినట్టుంది, నాకే సిగ్గుగా ఉంది.

మొన్న ఉమారాణి బాల్కనీలో బట్టలారేస్తూ ఆ మంచం చూసి, "అక్కా, ఒక్క మాటంట. కడుపుల ఉన్నప్పుడు ఇస్తా అనుడు అల్కనే, మాటకు బరువుండది. చేతులకొచ్చినంక అడుగుండ్రి" అంది. ఆమెకి తన పిల్లాణ్ణి ఊళ్ళో అత్త దగ్గర వదిలి వచ్చిన బాధ ఉంది, అందుకే అలా అంటోంది అనుకున్నాను. తర్వాత నిద్ర రాలేదు.

అందుకే అడుగుతున్నాను. ఇస్తావా, ఇవ్వవా? ఇవ్వనంటే ఇప్పుడే చెప్పు. పుట్టాక చెబితే నేనేమవుతానో నాకు తెలియదు. లేదు, అలా రాయకూడదు, నిన్ను బెదిరించినట్టుంది. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

సిల్వియా

&nbsp;

యానాం
జూలై

అక్కా,

ఆడపిల్ల. నీకు ఫోన్ చేసి చెప్పింది జాన్ పాల్ గారు, నేను కాదు. నువ్వు "మెర్సీకి ఇవ్వండి" అన్నావట, నిద్రపోతోందని చెప్పారు. నిద్రపోలేదు. పక్కనే ఉన్నాను, వద్దని చెయ్యి ఊపాను.

నీ మే ఉత్తరం దిండు కింద పెట్టుకుని కాన్పుకి వెళ్ళాను. జవాబు రాయలేదు. మళ్ళీ మగపిల్లాడే పుడతాడు, ఇచ్చేస్తాను, మాట నిలబడుతుంది అనుకున్నాను. ఇద్దరు మగపిల్లల్ని చూసి చూసి ఇంకొకణ్ణి ఇవ్వడం కష్టం కాదనిపించింది. నువ్వు ఆడపిల్ల పేర్లు పంపుతుంటే లోపల ఏదో కదిలేది, నీకు చెప్పలేదు. అదే నేను దాచింది.

ఇవ్వలేను అక్కా.

నర్సమ్మ తెచ్చి పక్కలో పెట్టగానే అది నా వేలు పట్టుకుంది. పిల్లలందరూ పట్టుకుంటారు, నాకు తెలుసు, నా కొడుకులూ పట్టుకున్నారు. అయినా ఇవ్వలేను. అత్తయ్యగారు మొదటిసారి నా వైపు మాట్లాడారు: "ఇచ్చిన మాటకేంటి, ఎన్నో అంటాం. పిల్ల నీది." ఆమె నా పక్కన ఉన్నందుకు నాకు సంతోషంగా లేదు. నువ్వు ఎదురుగా ఉంటే నేనే నిన్ను చూడలేకపోయేదాన్ని.

మున్సిపాలిటీలో పేరు రాయించాలి. ఇంట్లో ఒప్పించాను. పాస్టరు గారికి నేనే చెప్పాను, ఆ సీదోను తల్లి సంగతి, నువ్వు రాసినట్టే. ఆయన "సరేనమ్మా" అన్నారు. దీనికి సిదొనీ అనే పెడతాం. పిల్లనివ్వలేకపోయాను, పేరైనా నీది ఉంచనీ. ఒప్పుకో. ఒప్పుకుంటే నాకు కాస్త ఊపిరాడుతుంది.

నీ చెల్లి

&nbsp;

అబ్బాసియా
జూలై నెలాఖరు

మెర్సీ,

జాన్ పాల్ గొంతు విన్నప్పుడే తెలిసిపోయింది. సంతోషంగా ఉన్నవాళ్ళు అంత జాగ్రత్తగా మాట్లాడరు.

ముందు నువ్వు తప్పు చేశావని అనుకోకు. అనుకోవద్దని అంటున్నాను గానీ, రెండు వారాలు నేను అదే అనుకున్నాను. నిన్ను తిడుతూ రాసిన కాగితాలు చించేశాను. బడికి సెలవులు కాబట్టి ఎటూ పోవడానికి లేదు, బయట ఎండకి తలుపు గొళ్ళెం కూడా ముట్టుకోలేం. ఇంట్లోనే ఈ గది నుంచి ఆ గదికి తిరిగాను. ఉమారాణి చపాతీలు ఎక్కువ చేసి పెట్టింది. మీ బావ ఒకరోజు ఆ మంచాన్ని కింద బిల్డింగు కాపలా చూసే హారిస్‌కి ఇచ్చేశారు. వాడి తమ్ముడికి పిల్లలున్నారట. నన్ను అడగలేదు. అడిగి ఉంటే వద్దనేదాన్ని, అందుకే అడగలేదు.

ఉమ్ ఫవాజ్ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను. సిదొనీ మా చెల్లి కూతురు, నా దగ్గరికి రాదు, నేనే ముందుగా ఆ పేరుతో పిలిపించుకున్నాను అని. ఏసమ్మ వంటింటి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఉమ్ ఫవాజ్ నవ్వుతుందనుకున్నాను, లేకపోతే కోప్పడుతుందనుకున్నాను. "మా మేనత్తకి పిల్లలు లేరు. చచ్చేదాకా ఉమ్ సాలెం అనే పిలిచాం. ఆ సాలెం ఎవరని ఎవరూ అడగలేదు" అంది. తర్వాత కూతురి పరీక్షల సంగతి ఎత్తింది. నాకు ఓదార్పుగా ఉందో, గుండెలో గుచ్చుకుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. బయటికొస్తుంటే రసూల్ ఎప్పటిలాగే తలుపు తీసి ఎప్పటిలాగే పిలిచాడు. నేను పలికాను.

ఇక పేరు సంగతి. వద్దు మెర్సీ.

నువ్వు మంచిదానివి కాబట్టి ఇస్తానంటున్నావు. కానీ బిడ్డకి బదులుగా పేరు తీసుకోలేను. ఆలోచించు, నువ్వు రోజుకి ఎన్నిసార్లు పిలుస్తావు దాన్ని? పాలకి, స్నానానికి, బడికి, పరుగెత్తుతుంటే ఆపడానికి. పిలిచినప్పుడల్లా అక్కకి ఇవ్వాల్సిన పిల్ల అని నీకు గుర్తొస్తుంది. దానికి పదేళ్ళొచ్చాక ఎవరో ఒకరు చెబుతారు, మీ అత్తగారే చెబుతారు, నీ పేరెలా వచ్చిందో తెలుసా అని. పిల్లకి అది వద్దు. ఇందులో నా మొండితనం కూడా ఉండొచ్చు. నాకంటూ మిగిలింది ఆ పేరొక్కటే, దాన్ని నీ ఇంట్లో ఎవరో నోరు తిరగక విరిచి పిలుస్తుంటే ఓర్చుకోలేనేమో. రెండూ నిజమే అనుకో.

పేరు నువ్వే పెట్టు. నన్ను అడగొద్దు, పాస్టరు గారిని అడగొద్దు, జాన్ పాల్‌ని కూడా. ఫ్రెంచిదే ఉండాలని లేదు. పక్కింటామె పేరైనా సరే, నీ నోటికి తేలిగ్గా వచ్చేది పెట్టు. పెంచేవాళ్ళే పెట్టాలి కదా.

నువ్వు అడుగుతావని తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. ఈ సెలవులకి రావడం లేదు. మీ బావ టికెట్ల గురించి ఎత్తితే నేనే మాట మార్చాను. వస్తే ఎత్తుకుంటాను. ఎత్తుకున్నాక దించగలనన్న నమ్మకం నాకు లేదు. వచ్చే ఏడాదికి అది నడుస్తుంది. అప్పుడు వస్తాను. నేను ఒక మూల కూర్చుంటాను. దానికి నచ్చితే తనే నడిచి నా దగ్గరికి వస్తుంది, కాసేపు ఉండి, తనే నడిచి నీ దగ్గరికి వెళ్ళిపోతుంది.

సిల్వియా